పన్నెండు పేజీలు చదివిన చేప

ఆ ఊరి లైబ్రరీలో పుస్తకాలన్నీ ఉబ్బిపోయి ఉంటాయి. స్విమ్మింగ్ పూల్ పక్కనున్న వేడినీళ్ళ తొట్టిలో మెడదాకా మునిగి చదవడం ఆ ఐస్‌లాండ్ ఊళ్ళో అందరి అలవాటు. మొహాన మంచు పడుతున్నా పుస్తకం మూయరు. రాన్‌వేగ్ అరవై ఏళ్ళు అలా చదివిన మనిషే. ఈ చలికాలం మొదట్లో కళ్ళు మొరాయించాయి, అక్షరాలు చీమల్లా పాకడం మొదలెట్టాయి. క్రిస్మస్‌కి కానుకగా వచ్చిన మూడు పుస్తకాలూ బల్లమీద అలాగే పడున్నాయి.

కళ్ళడాక్టరు అక్షరాలు పెద్దవి చేసుకునే యంత్రమేదైనా కొనుక్కోమన్నాడు. ట్యాబా, ఈ-రీడరా? మనవరాలి ట్యాబ్ చూస్తే కళ్ళు మండాయి. పుస్తకాలు చదవడానికే చేసిన ఆ ఈ-రీడర్ ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదు. పదకొండు గంటల బస్సుకి దగ్గరి పట్నం అకురేరి వెళ్ళి ఏదో ఒకటి తెచ్చుకోవాలి. తప్పుది తెచ్చుకుంటే ఇక తన చదువు అయిపోయినట్టేనని ఆవిడ దిగులు.

సలహాకి ఆ పొద్దున తొట్టిలో దొరికింది కేటిల్ ఒక్కడే. పాత జాలరి. మూడేళ్ళుగా రోజూ ఈ-రీడర్‌ని ప్లాస్టిక్ సంచీలో పెట్టుకుని తొట్టిలోకి దిగుతాడు, గడ్డానికి ఆనించుకుని చదువుతాడు, తెర ఎవరికీ కనబడనివ్వడు.

"నన్నడిగి బతికిపోయావు రాన్‌వేగమ్మా," అన్నాడు ఒళ్ళు సర్దుకుని. "అందరూ కొట్లో దీపాల కింద చూసి కొనేస్తారు. నేనలా కాదు, ట్యాబునీ దీన్నీ బయటికి పట్టుకెళ్ళి ఎండలో మంచు మీద పెట్టా. ట్యాబులో ఏం కనబడింది? నా ముక్కు! దీంట్లో అక్షరం, కాగితం మీదున్నట్టు నల్లగా, కదలకుండా. సరే, పరీక్ష అంతటితో అయిపోతుందా, పడవెక్కించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నీళ్ళలో పడేశావు," అంది పూల్ చూసుకునే బిర్నా, గట్టు మీద కాఫీ ఫ్లాస్కు పెడుతూ.

"నేనెందుకు పడేస్తా? అల లాక్కుపోయింది! నలభయ్యో పేజీలో ఉన్నా, హంతకుడెవడో ఇంకాసేపట్లో తేలిపోతుంది, సరిగ్గా అప్పుడే ఓ కాడ్ చేప గుటుక్కున మింగేసింది. ఏడు వారాలు నిద్ర లేదనుకో. ఏడో వారం అదే చేప, నా గాలానికే! కోసి చూస్తే పుస్తకం తెరిచే ఉంది, కానీ నలభయ్యో పేజీ కాదమ్మా, యాభై రెండు!"

"చేప తిప్పిందా?" అంది రాన్‌వేగ్.

"మరి నేనా? పన్నెండు పేజీలు! దాని మొహం చూడాల్సింది, హంతకుడెవడో తెలిసిపోయిన మొహం."

రాన్‌వేగ్‌కి నవ్వాగలేదు. అయినా అడగాల్సింది అడిగింది. "అక్షరాలు ఎంత పెద్దవవుతాయి?"

"ఎంతా? ఓసారి పొగమంచులో దారి తప్పాం. ఒక్క అక్షరాన్ని పెద్దది చేసి తలమీదికి ఎత్తి పట్టుకున్నా. గ్రీన్‌లాండ్ నుంచొచ్చే ఓడ దాన్ని చూసి లైట్‌హౌస్ అనుకుని నేరుగా రేవులోకొచ్చేసింది. కెప్టెన్ దిగొచ్చి, తర్వాతి పేజీ తిప్పవయ్యా అని నన్ను బతిమాలాడు!"

"మరి ఛార్జింగ్ ఎన్నాళ్ళొస్తుంది?"

"మూడేళ్ళు! ఇంతవరకూ ఒక్కసారి తీగ తగిలిస్తే ఒట్టు. ఈ నేలకింది వేడినే పీల్చుకుని బతుకుతోంది, అగ్నిపర్వతం ఉన్నన్నాళ్ళూ ఢోకా లేదు!"

"ఏదీ, ఓసారి ఇలా ఇవ్వు."

కేటిల్ సంచీని వీపు వెనక్కి లాక్కున్నాడు. బిర్నా అక్కణ్ణుంచే దాన్ని అందుకుంది, తువ్వాలుతో తుడిచి, సంచీలోంచి తీసి రాన్‌వేగ్ చేతిలో పెట్టింది.

రాన్‌వేగ్ అలవాటు కొద్దీ దాన్ని దగ్గరికీ దూరానికీ జరిపింది. మధ్యలో చెయ్యి ఆగిపోయింది. లావుపాటి నల్ల అక్షరాలు. పాకడం లేదు. డేనిష్ మాటలు, బళ్ళో నేర్చుకున్నవే. పెదాలు వాటంతటవే కదిలాయి.

"వాడే... ముందు... ఛార్జింగ్ పెట్టండి."

రాన్‌వేగ్ తెరని బిర్నా వైపు తిప్పింది.

బిర్నా వంగి అంచుని గోటితో గీరింది. పేజీకి పేజీ ఊడి చేతిలోకొచ్చింది. అది కొట్లో అంటించిన స్టిక్కరు. కింద ఖాళీ బూడిదరంగు తెర.

కేటిల్ ముక్కుదాకా నీళ్ళలోకి దిగిపోయాడు. "మా అమ్మాయి పంపింది," అన్నాడు ఆఖరికి. "ఎక్కడ నొక్కితే ఏం పాడవుతుందోనని భయం."

"మూడేళ్ళా?" అంది రాన్‌వేగ్.

"మొదటి వారం అడగడానికి సిగ్గేసింది. రెండో వారానికి చేప వచ్చేసింది."

"ఆ చేపకున్న ధైర్యం నీకు లేకపోయిందయ్యా కేటిలూ!" అంది బిర్నా, యంత్రాన్ని కౌంటరు దగ్గరికి పట్టుకుపోతూ.

ఛార్జింగ్ పెట్టి అరగంటకి తెచ్చిచ్చింది. లోపల ఉన్నదల్లా దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకమొక్కటే. రాన్‌వేగ్ అక్షరాలు పెంచింది, ఇంకా పెంచింది, పేజీకి పది మాటలు మిగిలేదాకా పెంచింది. ఒక పేజీ అయింది. రెండోదీ అయింది. కళ్ళు మండలేదు. కొట్లో ఏం అడగాలో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో బల్లమీది మూడు పుస్తకాల్లో ముందు ఏది యంత్రంలోకి తెప్పించుకుని మొదలెట్టాలన్నదే ఇప్పుడు ఆలోచన.

"బస్సు టైమవుతోంది," అంది బిర్నా.

"ఉండవే, ఈ పేజీ కానివ్వు." రాన్‌వేగ్ గొంతు సవరించుకుని పైకే చదివింది. "ఈ యంత్రమును ఉప్పునీటికి దూరముగా ఉంచవలెను."

కేటిల్ దబ్బున నీళ్ళలోంచి లేచాడు.

"అదే! చేప ఆగిన పేజీ అదే! అది చదివాకే పాపం కంగారుపడి వచ్చి నా గాలం పట్టుకుంది!"