అగ్నిపర్వతంలో భీమిలి ఉప్పు

"హైటెక్ సిటీ బస్సెక్కే మీ కుర్రాళ్లు తెర మీద బొమ్మలు కదుపుతారు. నేను మా ల్యాబ్‌లో అగ్నిపర్వతాన్నే కడుగుతాను," అన్నాడు సన్యాసిరాజు, రెజిమెంటల్ బజార్‌లో బిక్షం టీకొట్టు బల్ల మీద సర్దుకుంటూ. "ఆరింటికి హాస్టల్ నుంచి మా అమ్మాయి దేవిక ఫోన్ చేస్తుంది. వాళ్ల నాన్న ఏం కనిపెట్టాడో రేపు క్లాసులో చెప్పాలట. ముందు మీరు వినండి, తప్పుంటే చెప్పండి.

"ఇండోనేషియా నుంచి గుప్పెడు రాయొచ్చింది. అక్కడ సముద్రం అడుగునేల మెల్లగా భూమి కిందికి దూరిపోతుంది. దాని వల్ల లోపల రాయి కరిగి, అగ్నిపర్వతమై పైకి తన్నుకొస్తుంది. ఆ రాతిలోని క్లోరిన్ సముద్రపు ఉప్పుదా, భూమి లోతుల్లోదా, అదీ మా సారు తేల్చాల్సింది. క్లోరిన్‌లో తేలికదీ బరువుదీ రెండు రకాలు. ఏది ఎంతుందో తూస్తే పుట్టిల్లు తెలిసిపోతుంది. డబ్బాలో ఉన్న డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగమన్నారు సారు. ఆ చుక్కలకి దుమ్ము పోతుందా? కుళాయి కింద పెట్టి మూడుసార్లు తోమాను. సగం ముక్క మెషీన్‌కిచ్చాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కరెంటు పోయింది," అన్నాడు బిక్షం.

"పోయింది. నేనాగుతానా? తేలిక క్లోరిన్ ఎడమ చేతిలో, బరువుది కుడి చేతిలో పెట్టుకుని తూచేశాను. కరెంటొచ్చాక మెషీనూ అదే అంకె చెప్పి, సిగ్గుతో ఆగిపోయింది. రాతి పలుకొకటి నాలిక మీద వేసుకున్నాను. సముద్రమే. ఏ సముద్రం? మా భీమిలి. ఇంకాస్త చప్పరిస్తే, తొమ్మిదో ఏట ఈత నేర్చుకుంటూ నేను మింగి ఉమ్మిన నీళ్లే. అవే అడుక్కి దిగి, భూమి కింద కాగి, ఇండోనేషియాలో పేలాయి."

"గంత దూరం పోనీకి లక్షల ఏండ్లు పడ్తదని మొన్న నువ్వే చెప్పినవ్ గదా," అన్నాడు బిక్షం.

"అది మామూలు నీళ్లకి. నావి తొందర మనిషి నీళ్లు. నిన్న నేను దగ్గితే అక్కడ పొగొచ్చింది."

మౌలాలి నీళ్ల ట్యాంకు దగ్గర పనిచేసే జంగయ్య అంతసేపూ మూల కూర్చుని వింటున్నాడు. ఇప్పుడు గ్లాసు దించాడు.

"రాజన్నా, నువ్వు రాయి తోమిన కుళాయికి నీళ్లు యాడికెళ్లి వస్తయ్?"

"మీ ట్యాంకు నుంచే."

"పొద్దుగాల్నే ఆ నీళ్లల్ల క్లోరిన్ కలిపేది నేనే. నీ నాలికకు తగిలింది భీమిలి కాదు, మా ట్యాంకు."

సన్యాసిరాజు మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగి, లేచాడు.

"సగం రాయి ఇంకా ఉంది. సారుకి ఉన్నమాట చెప్పి, డబ్బా నీళ్లతో కడిగొస్తాను."

"మరి బిడ్డకేం చెప్తవ్?" అడిగాడు బిక్షం.

"అసలు సంగతి కనిపెట్టింది జంగయ్య మావయ్య అని చెప్తాను."

"చెప్పు," అన్నాడు బిక్షం గ్లాసులు కడుగుతూ. "ఆయన గూడ మీ భీమిలోడే అని మాత్రం చెప్పకు."