తాతబ్బాయి గారి పొట్టలో గాలి

మావుళ్ళమ్మని ఆ రోజు దేవుడే ఎదురుగా వచ్చి నిలబడి, ఏం కావాలే తల్లీ నీకు, అడుగు, అంటే ఏమడిగేదో తెలుసా? బంగారం అడగదు, పొలం అడగదు. మా ఆయన చేత ఒక్కసారి, ఒకే ఒక్కసారి పిత్తించు సామీ, చాలు, అని అడిగేది. ఇదిగో, నవ్వకండి మరి. ఇప్పుడే నవ్వేస్తే ముందు ముందు నవ్వడానికేం మిగలదు. ఏమైందంటే, ఆవిడ మొగుడు తాతబ్బాయి గారని, మా పడమటీధిలో పెద్దమనిషి అనుకో. తెల్లపంచె, భుజాన కండువా, మీసం మీద చెయ్యి. గేదెకి కుడితి పెట్టడానికెళ్ళినా ఆ కండువా ఉండాల్సిందే. అలాంటి మనిషి ఒకనాడు పొలం నించొచ్చి, పొట్ట పట్టుకుని గుమ్మంలోనే కూలబడిపోయాడంట. ఆటోలో వేసుకుని టౌన్లో పెద్దాసుపత్రికి తీసుకుపోతే, పేగు మెలికపడింది, ఆగడానికి లేదు అని అప్పటికప్పుడు పొట్ట కోసి, మెలిక తీసి, కుట్టేశారు. డాట్రు గారు కుర్రోడే, మంచోడు. మావుళ్ళమ్మని పక్కకి పిలిచి, ఆపరేషన్ బాగానే అయ్యిందమ్మా, కానీ పేగింకా నిద్దరలోనే ఉంది, అది లెగిస్తే కింద నించి గాలి పోద్ది, ఆ గాలి పోయేదాకా మంచినీళ్ళ చుక్క కూడా నోట్లో పొయ్యొద్దు అన్నాడు. గాలి పోతే నీళ్ళు, నీళ్ళు ఇమిడితే జావ, జావ ఇమిడితే ఇంటికి. మరి పోకపోతేనో బాబూ, అని అడిగిందీవిడ. పోకపోతే లోపల మళ్ళీ ఏదన్నా చిక్కు పడిందేమో చూడాలమ్మా, మళ్ళీ కోయాల్సొస్తాది, అన్నాడంట. మళ్ళీ కోయడమే! ఒక్కసారి కోస్తేనే మనిషి సగమైపోయి ఉన్నాడు, ఇంకోసారి కోస్తే నాకు మిగుల్తాడా అని ఆవిడ భయం.

ఇంక చూస్కో, అప్పట్నించి ఆ వార్డులో అందరికీ ఒకటే పని. తాతబ్బాయి గారికి గాలి పోయిందా లేదా. గుమ్మం కాడ మంచం మీద బుడ్డకి, అదే వరిబీజానికి, ఆపరేషన్ చేయించుకున్న ముసలాయనున్నాడు, ఆయనకి ఆపరేషనైన మర్నాడే పొద్దున్న సీమటపాకాయ పేలినట్టు పోయిందంట, ఇడ్లీ తినేసి కాళ్ళాడించుకుంటా కూకున్నాడు. ఆయన్ని చూస్తే మావుళ్ళమ్మకి ఎంత కుళ్ళంటే, ఈయనకేం పుణ్యముందో, మాకేం పాపముందో అనుకునేదంట. ఆ ముసలాయన ఊరుకోడే! ఎడంపక్కకి తిరిగి పడుకోమనమ్మా అంటాడు. ఇంకొకాయన, మోకాళ్ళు మడవమను అంటాడు. సిస్టరమ్మొచ్చి, నడిపించమ్మా నడిపించు, నడిస్తేనే పేగు లెగుస్తాది అంటది. సరేనని ఈవిడ ఆయన రెక్క పట్టుకుని, వరండా ఆ చివర్నించి ఈ చివరికి, ఈ చివర్నించి ఆ చివరికి నడిపించడం, ప్రతి మలుపులోనూ చెవొగ్గి వినడం. ఏం లేదు. అమ్మోరికి కొబ్బరికాయ కొడతానని మొక్కేసుకుంది కూడాను. ఏం మొక్కమ్మా అని పూజారి అడిగితే ఏం చెప్పాలో అప్పుడు చూసుకుందాంలే అనుకుందంట. పాపం నిద్ర లేదు, తిండి లేదు. ఆయన తినకుండా నేనెలా తింటానని టీ నీళ్ళతోనే బతికేస్తంది.

ఇక్కడ ఇంకో మనిషి గురించి చెప్పాలి. వరాలమ్మ గారని, వీళ్ళ కోడలి తల్లి. అంటే వియ్యపురాలు. మన వైపు సంగతి మీకు తెలిసిందే కదా, వియ్యంకుడికి ఆపరేషనైందంటే ఆడపిల్ల తరఫువాళ్ళు పలకరింపుకి రావాలి. రాకపోతే తప్పు. వచ్చి చప్పున ఎల్లిపోతే ఇంకా పెద్ద తప్పు. అంచేత ఆవిడ సంచీ నిండా బత్తాయిలు, ఓ హార్లిక్సు సీసా పట్టుకుని దిగిపోయింది. పచ్చి మంచినీళ్ళే తాగకూడని మనిషికి బత్తాయిలు! సరే, మర్యాద మర్యాదే. అన్నయ్య గారూ ఎలా ఉన్నారండీ అంటే, మీ దయ చెల్లెమ్మ గారూ అని ఈయన. ఆ పడుకున్న మనిషి, ఒంటేలు సంచీ మంచానికి ఏలాడుతుంటే, చేతికి సెలైను గుచ్చి ఉంటే, మావుళ్ళూ నా కండువా ఏదే అన్నాడంట! వేసేదాకా ఊరుకోలేదు. ఆసుపత్రి చొక్కా మీద కండువా. ఇంక మావుళ్ళమ్మేమో, వదిన గారూ మీరొచ్చారు కదా నాకు కొండంత ధైర్యం, రెండ్రోజులుండి ఎల్లండి అంది. మాట వరసకి అన్నదో మనసులోంచి అన్నదో గానీ, ఆవిడ అయ్యో దానికేం వదిన గారూ అని స్టూలు లాక్కుని మంచం పక్కనే కూకుంది. కూకుంది అంటే కూకుంది, లెగదే! ఈయన నడిస్తే సెలైను స్టాండు పట్టుకుని పక్కన ఆవిడ. ఏమన్నా కదుల్తాదేమోనని బాత్రూముకెళ్తే చెంబు పట్టుకుని తలుపు బయట ఆవిడ. రాత్రయ్యేసరికి చాప ఎక్కడేశారనుకున్నారు? మావుళ్ళమ్మే, వియ్యపురాలు కదా అని మర్యాదకి, ఫ్యాను గాలి తగిలే చోట, సరిగ్గా ఈయన మంచం పక్కనే వేసింది.

రెండో రోజు కూడా గడిచిపోయింది. మూడో రోజు పొద్దున్న డాట్రు గారొచ్చి పొట్ట మీద గొట్టం పెట్టి విని, లోపల చప్పుడు బాగానే ఉందే, మరెందుకు పోవట్లేదు అని తల గోక్కున్నాడంట. సాయంత్రం మళ్ళీ వస్తాను, అప్పటికీ పోకపోతే స్కానింగు తీసి, అవసరమైతే తెరుద్దాం అన్నాడు. మావుళ్ళమ్మకి ఏడుపు ఆగట్లేదు. కొంగు నోట్లో కుక్కుకుని, తడిగుడ్డతో ఆయన మొహం తుడుస్తా కూకుంది. అప్పుడు చూసిందంట. పొట్టలో గుడగుడా అని చప్పుడు. వెంటనే ఈయన కాలివేళ్ళు ముడుచుకుపోయాయి. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, మొహం ఎర్రగా అయ్యింది, కాసేపటికి మళ్ళీ వదులయ్యింది. మరి కాసేపటికి మళ్ళీ గుడగుడ, మళ్ళీ కాలివేళ్ళు. కాపరానికొచ్చిన కాణ్ణించీ చూస్తన్న మొగుడాయె, ఆవిడకి తెలవదా? చెవి కాడికి వంగి, ఏంటయ్యా, బిగబట్టుకుంటన్నావా అని అడిగింది. ఆయన కండువా సర్దుకున్నాడు. నిన్నే, చెప్పు, నా మీద ఒట్టు అంది. అప్పుడు ఆయన స్టూలు వైపు ఓరగా చూసి, ఆవిడున్నారే, అన్నాడంట! వియ్యపురాలి ముందు ఎలాగే, ఆవిడెల్లి మన కోడలికి చెప్తే, కోడలు ఆళ్ళ చెల్లెళ్ళకి చెప్తే, రేపు ఆ ఊళ్ళో నేను తలెత్తుకుని తిరగొద్దా?

మావుళ్ళమ్మకి ఎంత ఒళ్ళు మండిందంటే, పేషెంటని చూడకుండా ఒక్కటి పీకేద్దామన్నంత మండిందంట. పోయే పేణమా పోయే పరువా, ఏది కావాలయ్యా నీకు, అని పళ్ళు కొరికింది. సరే, ముందు వియ్యపురాల్ని కాసేపు బయటికి పంపాలి కదా. ఎలా పంపుద్ది? ఎల్లండి అని వియ్యపురాలితో అంటే ఇంకేమన్నా ఉందా, ఏడు తరాలు చెప్పుకుంటారు. వదిన గారూ, కిందకెళ్ళి వేడిగా టీ తాగి రండి అంది. మీరు తాగకుండా నేనా, అందావిడ. పోనీ ఇద్దరం ఎల్దామా అంది. అన్నయ్య గార్ని ఒంటరిగా వదిలేసా, అందావిడ. పోనీ మీరు కాస్త నడుం వాల్చుదురు గానీ, బయట వరండాలో చల్లగా ఉంది అంది. నా నడుముకేం వదిన గారూ, రాయి, అందావిడ. అంటానే లేవబోయి అబ్బా అని నడుం పట్టుకుంది. పోనీ మీ అమ్మాయి ఇంటికాడ ఒక్కత్తీ ఉంది కదా అంది. మా అమ్మాయికేం, మీ ఇంట్లో మారాణీ, అందావిడ. ఎటు తిప్పినా ఆవిడ స్టూలు కాళ్ళు నేలలో పాతేసినట్టే ఉన్నాయంట. బయట చూస్తే పొద్దు వాలిపోతంది. డాట్రు గారొచ్చే వేళ అయిపోతంది.

ఇంక మావుళ్ళమ్మకి తిక్కరేగిపోయింది. వరాలమ్మ చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కుపోయి, వదినా, గారూ గీరూ ఏం లేదు ఇంక, నా పసుపు కుంకాలు నీ చేతిలో ఉన్నాయి, మా ఆయన నీ ముందు మొహమాటపడి గాలి బిగబట్టుకు కూకున్నాడు, నువ్వలా బయటుంటే ఆయన బతుకుతాడు, నన్ను ఏమన్నా అనుకో, అని భోరుమని ఏడ్చేసింది.  అప్పుడు వరాలమ్మ ఏమందో తెలుసా? ఓసి నీ మొహం మండా, నిన్నట్నించీ నా నడుం పోతంది, ఎల్తానంటే మగపెళ్ళివారు ఏమంటారో అని చస్తా కూకున్నానే! అంది. ఇంక ఇద్దరూ గోడ పట్టుకుని నవ్వడం. ఒకావిడ ఏడుస్తా నవ్వుతాది, ఒకావిడ నడుం పట్టుకుని నవ్వుతాది. అటు పోయే ఆయా, ఈళ్ళకేమన్నా పట్టిందా అని ఆగి చూసి పోయిందంట.

సరే, వరాలమ్మ బయట బల్ల మీద నడుం వాల్చింది. ఈవిడ లోపలికెళ్ళి, ఎల్లిపోయిందయ్యా, ఇంక కానీ, అంది. ఆయన ప్రయత్నం చేశాడు. రాలేదు! పక్కకి తిరిగాడు. రాలేదు. మోకాళ్ళు మడిచాడు. ఊహూఁ. అన్నాళ్ళు తలుపేసి ఉంచాడేమో, ఇప్పుడు తీస్తే గాలి రానంటంది. ఆవిడకి చెప్పేశావా ఏంటే అని ఆయన, చెప్పాను అని ఈవిడ, ఇంక ఆ సిగ్గుకి ఉన్నది కూడా లోపలికి పోయింది. వార్డంతా మెడలు చాచి చూస్తంది. మావుళ్ళమ్మ గుమ్మం కాడికొచ్చి తల అడ్డంగా ఊపింది. వరాలమ్మ లేచింది. కొంగు నడుముకి బిగించి లోపలికొచ్చి, స్టూలు లాగి, ఈసారి మంచానికి ఇంకా దగ్గరగా వేసుకుని కూకుంది. అన్నయ్య గారూ, మా అమ్మాయి పెళ్ళిలో బువ్వం బంతి భోజనాల కాడ మావాళ్ళు మీ మీద పాట ఎత్తుకుంటే, నాకిలాంటియి గిట్టవని విస్తరి ముందు నించి లేచిపోయారు, గుర్తుందా? ఇప్పుడు లేవండి చూద్దాం, సెలైను ఉంది కదా చేతికి! అని గొంతెత్తింది.

"వియ్యంకుడొచ్చాడు వీధరుగు మీదికి
మీసాలు దువ్వాడు మినపసున్ని మింగాడు
కడుపుబ్బి కూకున్నాడు కండువా కప్పుకుని
గాలొస్తే పోనీడు గౌరవం పోద్దంట!"

గాలొస్తే పోనీడు గౌరవం పోద్దంట, అని గుమ్మం కాడ ముసలాయన అందుకున్నాడు. ఆ పక్క మంచం ఆయన భార్య తాళం వేసింది. మందులిచ్చే సిస్టరమ్మ, ఇదేమన్నా పెళ్ళిపందిరా అని కసురుకుంటా వచ్చి, రెండో వరసకి ట్రే మూతికి అడ్డం పెట్టుకుని నవ్వుతా నిలబడిపోయింది. తాతబ్బాయి గారు ముందు మొహం గంటు పెట్టుకున్నాడు. చెల్లెమ్మ గారూ, బాగోదు, అన్నాడు. ఆవిడ ఇంకో చరణం కట్టింది, అది నేనిక్కడ చెప్పను, పిల్లలున్నారు. దానికి ఈయన మీసం అదిరింది. బుగ్గ అదిరింది. మావుళ్ళమ్మ తలగడ తీసుకుని ఆయన పొట్టకి ఆనించి రెండు చేతులతో పట్టుకుంది, నవ్వకయ్యా కుట్లు, నవ్వకయ్యా కుట్లు, అంటా తనే పగలబడి నవ్వుతంది. ఆయన ఆపుకున్నాడు, ఆపుకున్నాడు, ఓలమ్మో అని ఒక్కసారి బద్దలై నవ్వేశాడు.

అప్పుడు పోయింది. ఎలా పోయిందని అడక్కండి. ముందు కొత్త చెప్పు కిర్రుమన్నట్టు సన్నగా మొదలైందంట. తర్వాత ఆగింది. అందరూ ఊపిరి బిగబట్టారు. తర్వాత అసలుది. మంచం ఇనప్పట్టీ జివ్వుమందంట! ముసలాయన, అమ్మయ్య, అన్నాడు, తన బిడ్డ పరీక్ష పాసైనట్టు. వరాలమ్మ చేతులు రెండూ పైకెత్తి దండం పెట్టింది. సరిగ్గా అప్పుడే డాట్రు గారు గుమ్మంలోకొచ్చి, ఏమ్మా, పోయిందా, అంటే, పోయిందండీ! అని వార్డు వార్డంతా ఒక్క గొంతుతో అరిచింది. ఆయన పొట్ట నొక్కి చూసి, ఇంక తెరవక్కర్లేదమ్మా, కొంచెం కొంచెంగా నీళ్ళు పట్టు, అన్నాడు. తాతబ్బాయి గారు వియ్యపురాలి వైపు చూడలేక గోడ వైపు తిరిగి, చెల్లెమ్మా, ఇంటికాడ చెప్పకమ్మా, అన్నాడంట. గారు పోయింది చూశారా? చెప్పనన్నయ్యా, అని ఆవిడ ఒట్టేసింది. ఒట్టేసి, వరండాలోకెళ్ళి ముందు కూతురికి ఫోను చేసింది. లేకపోతే నాకెలా తెలుస్తాది ఇదంతా?

సరే, నవ్వింది చాలు గానీ, అసలు మాట వినండి. మావుళ్ళమ్మ చెంచాతో నీళ్ళు తీసుకుని, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, నోట్లో పోసింది. సగం గెడ్డం మీద ఒలికిపోయాయి. మిగతావి ఆయన గొంతు దిగాయి, గుటక్ మని. ఇంకా పొయ్యవే, అన్నాడు. ఆయన గాలి పోయినప్పుడు అందరూ నవ్వారు, ఆ గుటక చప్పుడుకి మాత్రం ఈవిడ ఒక్కత్తే వెక్కి వెక్కి ఏడ్చింది. ఏంటే అంటే, ఏం లేదయ్యా, తాగు, తాగు, అంటందంట. పెద్దమనిషి గుటకేసిన చప్పుడుకి ఏడిచే ఆడది ఉంటాదా అని మీరడగొచ్చు. ఒక్కసారి ఆసుపత్రి స్టూలు మీద కూకుని చూడండి, అప్పుడు చెప్పండి నాకు.