చర్చిలో తిన్న అన్నం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పోషకాహార పరిశోధన కేంద్రం. గైడు శేషారత్నం గది. ఎదురుగా నిలబడింది ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న రూబీ.

“తలుపు వెయ్యి. వేసి చెప్పు. ఎవర్నడిగి పంపావు ఆ మెయిలు?”

“ఎవర్నీ అడగలే మేడం.”

“అడగలేదని తెలుస్తూనే ఉంది! లండన్‌ నుంచి ఈ ప్రోగ్రాంకి డబ్బులిచ్చే ఫిలిప్ గారికి, నాకు తెలీకుండా, మన లెక్కలు తప్పని రాస్తావా? పేపరు నేడో రేపో అచ్చుకి వెళ్తుంటే?”

“తప్పయితే తప్పని రాయొద్దా?”

“ఏం తప్పు? ఎల్‌బీ నగర్ బస్తీ వాళ్ళు తినేది తక్కువ, అయినా షుగర్లు ఎక్కువ. ఇలాంటిది ఎక్కడా చూళ్ళేదని ఆయనే మెచ్చుకున్నారు. ఇంటింటికీ తిరిగి, నిన్న ఏం తిన్నారని అడిగిందెవరు? నువ్వు. రాసుకొచ్చిందెవరు? నువ్వు!”

“నేనే. ఇంట్ల ఏం వండిన్రు, ఎంత తిన్నరు అని అడగమన్నరు. గదే అడిగిన. లెంట్ రోజులు మేడం అవి, ఈస్టర్ ముందు నలభై దినాల ఉపాసాలు. ఆ బస్తీల సగం మంది మావోళ్లే. పొద్దంతా ఒక్కపొద్దు ఉంటరు. రాత్రి చర్చిల ప్రార్థన అయినంక అందరు ఆడనే కూసోని కడుపునిండ తింటరు. అన్నం, పప్పుచారు, పొద్దంతా తిననిది ఒక్కసారే. ఇంట్ల పొయ్యే ముట్టియ్యరు.”

“మరి ఆ అన్నం ఎందుకు రాయలేదు?”

“ఏడ రాయాలె? ఇంటి వంటనే లెక్క అని మీరే అంటిరి.”

“అబ్బ! నువ్వూ చర్చికి వెళ్ళేదానివే కదా. అప్పుడు నోరు పెగల్లేదా?”

“పెగిలింది. చెప్పిన.”

“ఎప్పుడు?”

“మార్చిల. గీడనే నిలబడి. ఈస్టర్ అయినంక మొదలుపెడదాం మేడం అన్న. మీరేమన్నరు?”

“నాకు... నాకేం గుర్తులేదు.”

“నాకుంది. ‘పండగలు చూసుకుంటూ కూర్చుంటే సైన్సు నడవదమ్మా’ అన్నరు. మీ కార్తీక మాసమైతే ఆగకపోతుంటిరా?”

“రూబీ! హద్దు దాటుతున్నావ్.”

“దాటుతున్న. ఇన్నొద్దులు దాటలేదనే గిట్లయింది.”

“ఏం పోగొట్టుకుంటున్నావో తెలుస్తోందా నీకు? ఆ లెక్కలు పారేస్తే నీ థీసిస్‌లో ఉత్త అట్టలు మిగుల్తాయి. డిసెంబరుకి ఫెలోషిప్ అయిపోతుంది. మళ్ళీ సర్వే అంటే ఎవరిస్తారు? మీ నాన్న అప్పుడే ఊరందరికీ నువ్వు డాక్టరువని చెప్పుకుంటున్నాడన్నావు!”

“తెలుసు. ఏడ్సుకుంటనే కొట్టిన ఆ మెయిలు.”

“మరెందుకు? ఎందుకే?”

“కాంతమ్మ కోసం.”

“ఏ కాంతమ్మ?”

“బస్తీల కడాకరి ఇల్లు. మన క్యాంపు డాక్టర్ నేను రాసింది చూసి, ‘ఇంత తక్కువ తిన్నా షుగర్ దిగుతలేదే’ అని గోలీలు డబుల్ చేసిండు. పొద్దంతా ఉపాసం, పైకెల్లి డబుల్ గోలీలు. షుగర్ పడిపోయి, మధ్యాహ్నం నల్లా కాడ కూలబడ్డది. తుంటి ఇరిగింది. దవాఖానకు పోతే నా చెయ్యి పట్టుకొని ఏమన్నదో ఎర్కేనా? ‘మీరు చెప్పినట్టే ఏసుకున్న బిడ్డా’ అన్నది. నన్ను తిట్టినా బాగుండు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఒచ్చిన. ఫిలిప్ సార్‌తోని మీటింగ్ అన్నరు. మల్లొచ్చిన. పేపర్ పని అన్నరు.”

“కూర్చో.”

“ఒద్దు.”

“కూర్చోమంటున్నానా! ఆయన... జవాబిచ్చారా?”

“పొద్దుగాల ఒచ్చింది.”

“కోప్పడ్డారా? ప్రోగ్రాం ఆపేస్తామన్నారా? నీ తర్వాత ఇంకా పిల్లలున్నారు ఇక్కడ, వాళ్ళ గతేంటి?”

“కోపమేం లేదు. మంచిగనే రాసిండు.”

“చదువు.”

“‘ఆసక్తికరమైన విషయం. థాంక్స్. పరిమితులు అన్న చోట ఒక వాక్యం చేర్చండి. పేపరు ఆపనక్కర్లేదు.’”

“కాంతమ్మ గురించి?”

“‘ఆమెను లెక్కలోంచి తీసేస్తే సరిపోతుంది.’”

“తీసేస్తేనా?”

“గట్లనే రాసిండు. పరేషాన్ ఎందుకు మేడం? పేపర్ ఒస్తది, నా పీహెచ్‌డీ ఒస్తది, ప్రోగ్రాం నడుస్తది. అందరం ఖుష్.”

“నోర్ముయ్. ఆ లాప్‌టాప్ ఇటు తిప్పు. వాక్యం కావాలన్నాడుగా, నేనే రాస్తా.”

“రాయుండ్రి. మీరు రాస్తరని నాకెర్కే.”

“మెయిలు వెళ్ళిపోయింది. ఇదిగో, చూసుకో.”

“‘కాంతమ్మను లెక్కలోంచి తీసేసేట్టయితే, పేపర్లోంచి నా పేరూ తీసేయండి. మార్చిలో రూబీ వద్దన్నా సర్వే నడిపించింది నేనే.’”