పసుపు తగ్గించిన ఫొటో

మళ్ల గట్లనే వచ్చింది, చూడు! పొద్దుగాలటి సంది ఇది ఐదో కాయితం. ఫొటో పేపర్ ఊకెనే వస్తదా? ప్రింటర్ నొజిల్ చెక్ జేసిన, నాలుగు రంగుల గీతలల్ల ఒక్కటి తెగలే. హెడ్ గడిగిన. గ్లాసీ అని పెట్టిన, మ్యాట్ అని పెట్టిన. ఏం జేసినా నీ మొఖం పసుపు కొట్టే వస్తున్నది జ్యోతీ.

నవ్వకు. నవ్వుతవని నాకెరుకనే. "బడిల పిల్లలకు లెక్కలు చెప్పుకోక నీకెందుకయ్యా ఈ ప్రింటర్ పని?" అంటవు. అవ్, నీ మాట నేను ఎన్నడన్న విన్ననా?

రేపటికి నువ్వు పోయి ఏడాది. చర్చిల జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నం. ముందర బల్ల మీద పెట్టనీకి పెద్ద ఫొటో తెమ్మన్నరు పాస్టరు స్వామిదాసు అయ్యగారు. మీ అమ్మ ఇయ్యాల మాపటికి ముడిమ్యాల నుంచి వస్తున్నది. ఏ ఫొటో కావాలన్నదో తెలుసా? గదే. నువ్వు పనికి పోయే పూల షెడ్ల తెల్ల గులాబీలు రెండు చేతులల్ల పట్టుకొని నిలబడ్డవు సూడు, గది.

ప్రింటర్లకెళ్లి మొదలు నీ జుట్టు వస్తది. మెల్లగ నుదురు. తర్వాత కండ్లు. కండ్లు వచ్చేయాళ్లకు నేను మొఖం పక్కకు తిప్పుకుంటున్న. పట్టపగలు, తలుపులు తెరిచే ఉన్నయ్, బయట మన ఎంకపల్లి ఊరు మొత్తం తిరుగుతున్నది. అయినా భయమే.

ఆ ఫొటో తీసిన దినం యాదికున్నదా? పనికెళ్లి వచ్చి ఫోన్ నా చేతిల పెట్టినవ్. "ఇగో, నా కండ్లు పచ్చగున్నయని షెడ్ల సమత అంటున్నది. జర చూడు" అన్నవ్.

నేనేం జేసిన? నీ కండ్లు చూసిన్నా? ఫోన్ల ఫొటో చూసిన! "ఆ ప్లాస్టిక్ కవర్ కింద వెలుతురు గట్లనే ఉంటది, పిచ్చిదానా. దాన్ని వైట్ బ్యాలెన్స్ అంటరు" అని పాఠం జెప్పిన. ఎంత తెలివి నాకు, ఆఁ?

కంప్యూటర్ ముందర కూసున్న. ప్రింటర్ కలర్ సెట్టింగులు తెరిచి పసుపు గీతను ఎనకకు గుంజిన. మైనస్ పది. చాలలే. మైనస్ ఇరవై. ఇంక జరంత. మైనస్ ఇరవై ఐదు కాడ నీ మొఖం కళకళలాడింది. నువ్వు ఆ కాయితం కిటికీ కాడికి పట్టుకపోయి చూసి "అబ్బ, మంచిగనే ఉన్న గదా" అన్నవ్. నమ్మినవ్. నీ అద్దం కంటె నా ప్రింటర్‌నే ఎక్కువ నమ్మినవ్.

సమత మీ ఊరిదేనాయె. ఆమె చెప్పంగ మీ అమ్మ ఫోన్ల మొత్తుకున్నది, దవాఖాన పోండ్రి, దవాఖాన పోండ్రి అని. నేను ఆ కాయితం కవర్ల పెట్టి సమత చేతనే పంపిన. "నా బిడ్డ మంచిగనే ఉన్నది, సమతకే కండ్లు సరిగ కనవడుతలేవు" అన్నదంట మీ అమ్మ. నేను గూడ నవ్విన. నువ్వు గూడ నవ్వినవ్.

రెండు నెల్లు, జ్యోతీ. ఆరు గొట్టంగ ఆటో ఎక్కుతుంటివి, పొద్దుగూకినంక వస్తుంటివి. అన్నం తింటలేవంటే అలిసిపోయినవ్ అనుకున్న. నీ మొఖాన్ని స్క్రీన్ మీద చూసినంత పురసతుగ నేను ఎదురుంగ కూసొని ఎన్నడన్న చూసిన్నా? లే. ఒక్కనాడు చూడలే.

ఏమంటవ్? ఇప్పుడెందుకు మళ్ల పసుపు వస్తున్నదంటవా? చెప్త. ఆనాడు దిద్దింది ఫొటోల గాదు, ప్రింటర్ సెట్టింగులనే. ఆ కంప్యూటర్ ఖరాబై కొత్తది తెచ్చిన. దీంట్ల పసుపు ఇంక తగ్గించలే. ఫొటో ఎట్లున్నదో గట్లనే వస్తున్నది. తప్పు ప్రింటర్‌ది గాదు.

ఇంకొకటి ఇను. ఈ ఐదు కాయితాలల్ల నీ చేతుల గులాబీలు చూడు. పాలలెక్క తెల్లగున్నయ్. వెలుతురుదే తప్పైతే పూలు గూడ పసుపు కొట్టాలె గద? ఆనాడు పసుపు తగ్గిస్తే అవి నీలంగ తిరిగినయ్. చూసిన నేను. కనవడలేదని చెప్తే దేవుడు ఒప్పుకోడు. చూసి, పూలదేమున్నది, మొఖం మంచిగొచ్చింది గదా అనుకున్న.

మీ అమ్మకు గూడ చెప్పంది ఒకటున్నది. నీకన్న చెప్పనియ్యి. పట్నం దవాఖాన్ల నువ్వు తెలివి లేకుంట పండుకున్ననాడు డాక్టరమ్మ అడిగింది, "కండ్లు పచ్చబడి ఎన్ని రోజులైంది?" అని.

"నాలుగు రోజులు మేడం" అన్న.

నాలుగు రోజులు! ఆమె గదే రాసుకున్నది. రెండు నెల్లంటే అందరి ముందట తిడ్తదని భయమైంది నాకు. నిజం చెప్పుంటే నువ్వు బతుకుతుంటివా? ఏమో. నీ లివర్ అప్పటికే పూర్తిగ చెడిందన్నరు. అయినా ఆ "ఏమో" నన్ను పండుకోనిస్తలేదు, తిననిస్తలేదు.

అందుకే ఇయ్యాల నిర్ణయం జేసుకున్న. ఈ పచ్చటి కాయితమే ఫ్రేముల పెడ్త. అత్తమ్మ చేతుల పెట్టి, "ఇది నీ బిడ్డ అసలు మొఖం, దాచింది నేనే" అని చెప్త. కొడితే కొట్టనియ్యి. చర్చిల అందరి ముందట తిడితే తిట్టనియ్యి. నువ్వేమంటవ్?

ఆగు, ఫోన్ మోగుతున్నది. అత్తమ్మనే.

...ఆఁ, చెప్పు అత్తమ్మ. ఎక్కడిదాక వచ్చినవ్? ...ఆఁ. ...ఆఁ. ...లే, ఏడుస్తలేను, పడిశం బట్టింది. ...సరే. సరే అత్తమ్మ.

బస్సు చేవెళ్ల దాటిందంట. ఏమన్నదో ఇన్నవా? "అయ్యా దయానందం, పోయేముందు దవాఖాన్ల చూసిన ఆ పచ్చటి మొఖమే నాకు ఏడాది సంది కండ్లల్ల తిరుగుతున్నది. నువ్వు పంపిన ఫొటో చూసుకుంటనే బతుకుతున్న. అట్లాంటిదే పెద్దగ తియ్యి నాయినా, నీకు దండం పెడ్త" అన్నది.

ఏం జెయ్యాలె చెప్పు? నిజం చెప్తే ఆ ముసలామెకు మిగిలిన ఆ ఒక్క మొఖం గూడ పోతది. చెప్పకుంటే... చెప్పకుంటే తిట్లకెళ్లి నేను బచాయిస్త. నాకు గదే కావాల్నేమో, ఎవరికెరుక!

కొత్త కంప్యూటర్ల గూడ ఉన్నది ఆ పసుపు గీత. రెండు క్లిక్కులకే దొరికింది. మైనస్ ఇరవై ఐదు.

ఇగో, వస్తున్నవ్. ఎంత మంచిగున్నవో!

మళ్ల తగ్గించిన, జ్యోతీ. ఈసారి తెలిసే తగ్గించిన.