గడప దాటించిన మూత

పార్కిన్సన్స్ జబ్బు వచ్చినప్పటి నుంచి ఆయన కాళ్లు గడప కనబడితే చాలు, బిగుసుకుపోతున్నాయి. ఆ మధ్యాహ్నం కూడా వ్యాయామం క్లాసు నుంచి వచ్చి వీధి గడప మీదే ఆగిపోయాడు. లోగిట్లో పొయ్యి మీద పులావు చూసుకుంటున్న భార్యకు చిర్రెత్తుకొచ్చింది.

“గడప మీద నిలబడకండి, ఇంటికి అరిష్టం!”

“నేను నిలబడ్డానా? కాళ్లు నిలబడ్డాయి.”

“మీ క్లాసులో పక్కింటావిడ ముకర్రమ్ డప్పు కొడితే మాత్రం హాలంతా గిరగిరా తిరుగుతారట! మార్గిలాన్ ఊరంతా కోడై కూస్తోంది.”

“తాళం వినబడితే అడుగు పడుతుందే. డాక్టరే చెప్పాడు.”

“డప్పు సంగతి డాక్టరు చెప్పాడు, సరే. ఆవిడ కనుబొమలు నల్లగా మెరవాలని ఆకు పసరు పూసుకుని రావడం కూడా ఆయనే చెప్పాడా?”

“ఆవిడకి మనవలున్నారే!”

“నాకూ ఉన్నారు. నా కోసం ఎప్పుడైనా ఒక్క అడుగేశారా?”

“నువ్వెప్పుడైనా వాయించావా?”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కడాయి మీది ఇనప మూత ఎత్తి, చిల్లుల గరిటెతో దబదబా బాదడం మొదలుపెట్టింది. లోగిట్లో వాలిన పిచ్చుకలన్నీ ఎగిరిపోయాయి. ఆయన కుడికాలు మెల్లగా లేచింది, ఎడమకాలు దాని వెనకే వచ్చింది. చూస్తుండగానే గడప దాటి పొయ్యి దాకా వచ్చేశాడు.

ఆమె రొప్పుతూ అడిగింది.

“ఇప్పుడు చెప్పండి. ఎవరు బాగా వాయించారు?”

“ఆవిడే. నీకు తాళమే లేదు.”

“మరెలా వచ్చారు?”

“ఆవిడ వాయిస్తే సరదాగా నడుస్తాను. నువ్వు బాదితే ఆగే ధైర్యం నాకెక్కడిదే?”

“అయితే రేపు ఈ మూత పట్టుకుని నేనూ వస్తున్నా. ఆవిడ డప్పు ఆవిడింట్లో పెట్టుకోమనండి.”