పంపు నీళ్లెత్తిన రోజు

ముక్తేశ్వరంలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే ఆయన షెడ్డుకి, పదేళ్ల తరవాత ఒక రిటైర్డ్ ఇంజనీరమ్మ వెతుక్కుంటూ వచ్చింది. ఒకప్పుడు ఎక్కడో సముద్రం ఒడ్డున అణు విద్యుత్ కేంద్రంలో ఆవిడ షిఫ్టు అధికారి, ఆయన కాంట్రాక్టు కూలీ.

“భూకంపం వచ్చిన రోజు గుర్తుందా?”

“మరిచిపోతానా అమ్మా! కరెంటు పోయింది, జనరేటర్లు పోయేయి. వాడేసిన ఇంధనం ఉంచిన తొట్టిలో నీళ్లు మరిగిపోతున్నాయి, అవి ఇంకిపోతే పెద్ద ముప్పన్నారు.”

“డీజిల్ పంపు పెడితే అదీ నీళ్లెత్తలేదు.”

“గాలి పట్టేసిందండీ. మా చేల దగ్గర రోజూ ఉండేదే. బకెట్లతో గొట్టం నింపి, అతుక్కి తడి గోనె చుట్టి బురద మెత్తేను. నీళ్లు దూకేసరికి మీరు నా చేతులు పట్టుకుని ఏడ్చేసేరు. ఇప్పటికీ ఎవరి ఇంజను నీళ్లెత్తినా ఆ రోజే గుర్తొస్తుందండీ.”

“రిపోర్టులో మాత్రం ‘స్థానిక ఏర్పాటు’ అని రాశాను. కూలీని లోపలికి రానిచ్చామంటే నా ఉద్యోగం పోతుందని భయపడి మీ పేరు రాయలేదు. అది చెప్పడానికే వచ్చాను.”

ఆయన చేతుల గ్రీజు తుడుచుకున్నాడు. ఆ రోజుల మీద ఆయనకు కోపం లేదు, బెంగే ఉంది.

“పేరుదేముందండీ. మా ఆవిడకీ పిల్లలకీ వందసార్లు చెప్పేను. నవ్వుతారు తప్ప నమ్మరు. ఇంట్లోకొచ్చి మీరొక్కసారి చెబుతారా?”

“ఎటు వెళ్లాలి?”

“ఆయ్, ఇటండీ.”

ఆవిడ ఆయన ఇంటి గడప బయట చెప్పులు విప్పింది.