ఒక్క క్షణం ఆగని పెట్టె

"టీ చల్లారితే చల్లారనీ, ముందు నా మాట వినండి" అన్నాడు డిస్కు బాబాయ్, టీ కొట్టు బల్ల సగం తానే ఆక్రమించి. "ఆఫీసువాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్న పాత కంప్యూటర్ అది. దుమ్ము దులిపి, మెట్ల కింద చెప్పుల అల్మారాలో పెట్టి, సినిమాలూ పాటలూ పెళ్ళి వీడియోలూ అన్నీ అందులోకి ఎక్కించా. దాన్నే సర్వర్ అంటారు. మనవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు టీవీ పెట్టుకుంటే చాలు, నా అల్మారాలోంచి బొమ్మ వెళ్తుంది. అంతా ఊరికే!"

"బాబాయ్, ఆ పెట్టె కోసమే వచ్చా" అన్నాడు టైలర్, మెడలో టేపు తీయకుండానే. "అమ్మ కంచం ముందు కూర్చుంది, ఇంకా ముద్ద ముట్టలేదు..."

"వస్తున్నా, అడ్డు తగలకు! మొదట మా బావమరిదికిచ్చా. వాడు తన వియ్యంకుడికి చెప్పాడు, ఆయన వాళ్ళ వీధంతా చెప్పాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అంతమంది చూసేసరికి పెట్టె వేడెక్కిపోయి, మీ పిన్ని తడిబట్టలు దాని మీదే ఆరేయడం మొదలెట్టింది. ముసురు పట్టిన రోజైతే, వీధి వీధంతా బట్టలు పట్టుకుని మా గుమ్మంలో వరుస కట్టారు!"

"మా తువ్వాళ్ళు మాత్రం ఆరలేదే" అన్నాడు పక్క సెలూన్ అతను.

"నువ్వు లేచేసరికి అందరివీ ఆరిపోయాయి! మా మేనల్లుడు ఓడలో పని చేస్తాడా, నడిసముద్రంలో నా సినిమా పెట్టాడు. క్లైమాక్స్ అయ్యేదాకా కెప్టెన్ ఓడ కదలనివ్వలేదు. కిటికీల దగ్గర తిమింగలాలు మూగి, వెనకున్నవి ముందున్నవాటిని 'తల దించు' అని పొడిచాయట! అక్కడితో ఆగిందా? అంతరిక్షం నుంచి ఫోను. 'అంకుల్, బొమ్మ బాగుంది, సౌండు రావడం లేదు' అని. ఓరి పిచ్చివాళ్ళారా, అక్కడ గాలే లేదు, సౌండెలా వస్తుంది, కింద అక్షరాలు చదువుకోండని నేనే చెప్పా!"

"బాబాయ్, అమ్మ..."

"ఉండవోయ్, అసలైంది ఇప్పుడే. పిడుగు పడి ఊరంతా కరెంటు పోయిందా, నా పెట్టె ఆగలేదు సరికదా, దాని కరెంటే ఎదురు పారి వీధి దీపాలు వెలిగాయి! పెట్టిన నాటి నుంచి ఈ నిమిషం దాకా ఒక్క క్షణం ఆగలేదు. ఆగిందని ఎవడైనా నిరూపిస్తే ఈ మీసం తీయించుకుంటా!"

"ఇప్పుడు ఆగే ఉంది బాబాయ్" అన్నాడు టైలర్. "మీ ఇంటి నుంచే వస్తున్నా. దాని ప్లగ్గు పీకి, అక్కడ పిన్ని ఇస్త్రీ పెట్టె పెట్టుకుంది. నీ పెట్టె ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరేస్తావుట, నువ్వొచ్చి పెట్టుకోవాల్సిందేనంది."

బల్లంతా ఘొల్లుమంది. సెలూన్ అతను ఆశగా కత్తి కోసం లేచాడు. టైలర్ ఒక్కడే నవ్వలేదు.

"తిమింగలాల సంగతి నాకు తెలీదు. నాన్న పోయాక అమ్మ అన్నం మానేస్తే, బూజు పట్టిన మా అక్క పెళ్ళి క్యాసెట్టు తీసుకెళ్ళి, ఓపిగ్గా బాగుచేసి ఆ పెట్టెలో పెట్టింది నువ్వు. అందులో నాన్న వడ్డిస్తూ 'ఇంకొంచెం తిను' అంటాడు. ఆ మాట వింటేగానీ అమ్మ ముద్ద ఎత్తదు. నీ చలవ వల్లే మా అమ్మ నాకు దక్కింది బాబాయ్. ఇన్ని కోతలు కోస్తావు, అదొక్కటీ ఎప్పుడూ చెప్పవేం?"

బాబాయ్ గబుక్కున బల్ల మీంచి లేచాడు. "అదేమంత..." అని గొణిగి, టీ గ్లాసు అక్కడే వదిలేసి ఇంటి వైపు పరుగు తీశాడు.

"మరి మీసం?" అని అరిచాడు సెలూన్ అతను.

"సాయంత్రం వస్తా, తీసెయ్!" అని వెనక్కి తిరక్కుండానే కేకేశాడు బాబాయ్. "ముందు వదినని అన్నం తిననీ!"